లెక్కలు అందరికీ అందాలి



2005 సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను ప్రకారం కార్యాలయాలు తమ వివరాలను ఎవరూ అడగకముందే, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకొని ప్రకటించాలి. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఓపెన్ డేటా విధానమూ తెచ్చింది. సంతోషమే.

కాని పింఛను జాబితాను ఫోటో తీసి కంప్యూటర్లో పెడితే అందులో పేరు వెతికేదెట్లా? 'షేక్' ఒకచోట, 'షైక్' మరోచోట పడితే ఆ తప్పు పట్టుకునేదెవరు? మళ్లీ దళారి గడప తొక్కాల్సిందే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది; జీతం పోయిన ఇంట్లో పింఛను విలువ ఎంతో మనకు తెలుసు.

అదే జాబితా యూనికోడు అక్షరాల్లో ఉంటే తెలుగైనా, ఉర్దూ అయినా చేతిలోని ఫోనులోనే వెతుక్కోవచ్చు. నిజామాబాద్ నగరపాలక సంస్థను, బోధన్ మున్సిపాలిటీని మనం కోరవలసింది ఇదే. చదువుకున్న మన పిల్లలు వాటిని వార్డు వార్డునా చదివి వినిపించాలి.