హైస్కూలులోనే కాలేజీ చదువు



2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు వెలిశాయి. పదో తరగతి ముగిసిన పల్లెటూరి పిల్లలు నేరుగా వాటిలో చేరతారు. రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన చదువు, ఆపై నాలుగేళ్లు ఇంజనీరింగు. అంతా ఒకే చోట. తొలి కులపతి రాజ్‌రెడ్డిగారు కూడా కాటూరు అనే పల్లెలో పుట్టినవారే.

మన ఐసెలిన్ పిల్లలకు దారి వేరు. హైస్కూలులో ఉంటూనే పొరుగున ఎడిసన్‌లోని మిడిల్‌సెక్స్ కాలేజీలో కోర్సులు చదవవచ్చు. ఈ మాట వినగానే మీ నాన్నగారు "నాలుగు తీసుకో" అంటారు! తొందరపడకండి. అక్కడ తెచ్చుకున్న గ్రేడు, మంచిదైనా చెడ్డదైనా, కాలేజీ రికార్డులో నిలిచిపోతుంది. పైగా ఆ క్రెడిట్లను అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవు. తొమ్మిదో తరగతిలోనే బడి కౌన్సెలరు దగ్గర కూర్చుని ఈ సంగతులు అడగండి. ముందు ఒక్క కోర్సు చాలు, అదీ మీకు ఇష్టమైనది.