జూదశాల విందు – ఒంగోలు గిత్త

పామూరు, కనిగిరి ప్రాంతములనుండి చదువు కొరకును, ఉద్యోగము కొరకును అమెరికా చేరిన యువతీ యువకులు నేడు తక్కువ మంది కారు. వారి తల్లిదండ్రులు ఏదో ఒక వేసవిలో ప్రయాణము కట్టి, ఆ దేశమునకు పోయి, మనుమలను ఎత్తుకొని, కొన్ని మాసములుండి వచ్చుట పరిపాటి యైనది. ఏమేమి చూచితిరని అడిగినచో నయాగరా జలపాతము, న్యూయార్కు నగరము, గ్రాండు కాన్యను లోయ, వీనితోపాటు లాస్ వేగాసు పేరును చెప్పుదురు. లాస్ వేగాసు చూచితిమనగా అక్కడి జూదశాల హోటలును చూచినట్లే. అట్టి హోటలులో భోజనశాలలు అనేకము. వానిలో గొప్పగా చెప్పుకొనునది స్టేక్ హౌసు. అనగా గొడ్డుమాంసపు దళసరి ముక్కలను నిప్పుల సెగపై కాల్చి వడ్డించు భోజనశాల. ఆ విందును గురించియు, దాని వెనుకనున్న లెక్కను గురించియు, ఆ పళ్ళెరమునకును మన పొలములకును గల దూరపు చుట్టరికమును గురించియు నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

అమెరికాలోని నెవాడా రాష్ట్రము జూదమునకు చట్టసమ్మతి నిచ్చినది 1931లో. పదియేండ్లకు, 1941లో, ఎల్ రాంచో వేగాసు అను హోటలు లాస్ వేగాసు ఊరి వెలుపల, లాస్ ఏంజెలిసుకు పోవు రాజమార్గముపై వెలసినది. బస, భోజనము, ఆటపాటలు, జూదము అన్నియు ఒక్క ఆవరణలోనే. తరువాత వచ్చిన హోటళ్ళు ఆ మార్గమునే, ఆ పద్ధతినే అనుసరించినవి. నేడు లోకమున లాస్ వేగాసుగా పేరుపడిన ఆ దీపాల వీధి ఇట్లు పుట్టినది.

ఈ హోటళ్ళ కట్టుబడిలో ఒక నేర్పు కలదు. గదికి పోవలెనన్నను, భోజనశాలకు పోవలెనన్నను సాధారణముగా జూదపు బల్లల నడుమనుండియే నడువవలెను. ఆ శాలలో గోడ గడియారము కనబడుట అరుదు. వెలుపలి వెలుతురు చూపు కిటికీయు అరుదు. ప్రొద్దు గ్రుంకినదో, తెల్లవారినదో తెలియని చోట మనిషి లేచిపోవు వేళను మరచును. పూర్వము భోజనమును కూడ ఇందుకే చవకగా పెట్టెడివారు. ఒక డాలరుకు కడుపునిండ తినుమని పిలిచిన రోజులు కలవు. ఎర చవకయైనచో చేపకు లాభమని ఎవరును అనుకొనరు గదా!

తరువాతి కాలమున పద్ధతి మారినది. 1990 దశకమునుండి పేరుమోసిన వంటవాండ్రు అక్కడ భోజనశాలలు తెరచిరి. ఎర యనుకొన్న భోజనమే స్వయముగా బేరమైనది. నేడు ఆ వీధిలోని పెద్ద హోటళ్ళకు గదులు, భోజనము, ప్రదర్శనలు మొదలగువానివలన వచ్చు రాబడి జూదపు రాబడిని మించియున్నది. అయినను ఉచిత భోజనము అను మాట అక్కడ ఇప్పటికిని వినవచ్చును. ఎక్కువగా ఒడ్డువానికి హోటలువారు భోజనపు చీటి ఇత్తురు. అది దానము కాదు. అతడు ఎంత ఒడ్డుచున్నాడు, ఎంతసేపు ఆడుచున్నాడు, సగటున ఎంత పోగొట్టుకొనును అని ముందుగా లెక్కకట్టి, ఆ పోవు సొమ్ములో కొంత భాగమును పళ్ళెరములో పెట్టి తిరిగి ఇచ్చుటయే.

ఆ లెక్క కష్టమైనది కాదు. రూలెట్ అను చక్రపు ఆటను చూడుడు. అమెరికా చక్రములో 1 నుండి 36 వరకు అంకెలు, ఒక సున్న, ఒక జంట సున్న, వెరసి 38 గళ్ళు ఉండును. ఒక గడిపై ఒక డాలరు ఒడ్డి గెలిచినచో 35 డాలర్లు లాభము. ఒడ్డిన డాలరును చేర్చిన 36. ఇప్పుడొకడు 38 గళ్ళపైనను గడికొక డాలరు ఒడ్డెననుకొందము. అతడు తప్పక గెలుచును! కాని 38 పెట్టి 36 పుచ్చుకొనును. నూరు డాలర్లకు సగటున 5 డాలర్ల 26 సెంట్లు ఇంటివానివే. కొన్ని చోట్ల మూడవ సున్ననుకూడ చేర్చిరి. అప్పుడు నూటికి 7 డాలర్ల 69 సెంట్లు. ఇందు మోసము లేదు, చేతివాటము లేదు. చక్రము న్యాయముగా తిరిగినను ఫలితమిదియే. ఒకనాడొకడు గెలువవచ్చును, ఏడాది తిరుగునప్పటికి గెలుచునది మాత్రము హోటలే.

ఇక భోజనము మాట. స్టేక్ హౌసు మన భోజన హోటలువంటిది కాదు. కూర్చున్నంతనే విస్తరి వేసి, పప్పు, కూర, పులుసు, పెరుగు వరుసగా వడ్డింపరు. మాంసపు ముక్క ఒక్కటియే ఒక వంటకము. దానితోడి ఉడికించిన బంగాళాదుంప, పాలకూర, పుట్టగొడుగులు మొదలైనవి వేరువేరుగా అడిగి, వేరువేరుగా వెల చెల్లింపవలెను. ముక్కలను తూకము చొప్పున అమ్ముదురు. 16 ఔన్సులనిన మన లెక్కలో సుమారు 450 గ్రాములు. ఎంత కాల్చవలెనో ముందుగా అడుగుదురు. లోపల ఎఱ్ఱగా నుండునట్లు కాల్చినది ఒక రకము. లేత గులాబిరంగున నుండునది మరియొకటి. పూర్తిగా గోధుమవన్నెకు వచ్చునట్లు కాల్చినది వేరొకటి. లోపలి వేడిమి 55 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర నిలిపినచో మొదటివానికి దగ్గరగా నుండును. 70 దాటినచో బాగుగా కాలినట్లు. చీటిలో కనబడు మొత్తమునకు పైన వడ్డించినవారికి నూటికి 18 నుండి 20 వంతున ఇచ్చుట అక్కడి మర్యాద. ఇది తెలియని మన పెద్దలు చీటి చూచి తెల్లబోవుట సహజము.

అందరును గొడ్డుమాంసము తినువారు కారు. మన ఇండ్లలో తినువారును కలరు, తిననివారును కలరు; ఒకే బల్లచుట్టు ఇద్దరును కూర్చుండు సందర్భములు వచ్చును. ఆహార విషయమున ఎవరి ఆచారము వారికి పెద్దది. తిననివారు సంకోచపడి పస్తుండ నక్కరలేదు. అట్టి భోజనశాలలలో చేపయు, కోడియు, శాకములును దొరకును. కాని చారువంటి ద్రవములలోను, దుంపలపై చల్లు పొడులలోను మాంసపు రసమో, పందిమాంసపు తునకలో కలిసియుండవచ్చును కనుక వడ్డించువారిని ముందుగా అడుగుట మేలు. అడిగినచో వారు విసుగుకొనరు. తీసికొనిపోవు కుమారుడో, కోడలో, కూతురో, అల్లుడో పెద్దల అలవాటెరిగి చోటు నిర్ణయించుట ఇంకను మేలు. అట్లే తినువారిని చూచి ముఖము చిట్లించుటయు మర్యాద కాదు.

ఈ విందులో మాకు మిక్కిలి ఆలోచన కలిగించిన విషయము వేరొకటి. స్టేక్ హౌసులో అన్నిటికంటె వెలగల ముక్క ఏది? పశువు వెన్నుక్రింద, నడుముకు లోపలివైపున ఉండు కండ. అది ఎందుకంత మెత్తన? ఆ కండకు పని తక్కువ. నడచునప్పుడు, బరువు లాగునప్పుడు శ్రమపడునవి కాళ్ళు, మెడ, భుజములు. శ్రమపడిన కండ గట్టిపడును. శ్రమపడని కండ మెత్తగా నుండును. కండ నడుమ సన్నని తెల్లని కొవ్వు చారలు ఎంత ఎక్కువగా నున్నచో అంత శ్రేష్ఠమని అక్కడి ప్రభుత్వపు తరగతుల లెక్క. అనగా అక్కడ పనిచేయని కండకే వెల.

మన రైతు కన్ను దీనికి పూర్తిగా వ్యతిరేకము. ఎడ్ల సంతలో అతడు చూచునది మెడ బలము, మూపురపు నిలుపు, గిట్ట గట్టితనము, నడక తీరు. పామూరు చుట్టుపట్ల నేల మెట్ట. పడమట వెలిగొండలు, మీద ఆలస్యముగా వచ్చు వానలు. వాన కురిసిన నాలుగు దినములలో దుక్కి దున్ని విత్తనము వేయకున్నచో ఆ ఏడు పోయినట్లే. ఆ నాలుగు దినములు కాడి క్రింద నిలువగల ఎద్దే రైతునకు ధనము. కనుమనాడు కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, ముందు దానికి పెట్టి తరువాత తాను తినుట ఆ కృతజ్ఞతవలననే.

ఇంత దూరపు రెండు లోకములకు చుట్టరికమేమని శ్రోతలు అడుగవచ్చును. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు పామూరు నెల్లూరు జిల్లాలోనిది. గుండ్లకమ్మ, పాలేరు నదుల నడిమి సీమలో పుట్టి పెరిగిన తెల్లని ఒంగోలు జాతి పశువులను విదేశీయులు ఆ జిల్లా పేరుతోనే నెల్లూరు పశువులనిరి. 1868లో ఇంగ్లండుకు పోవు ఒక ఓడ బ్రెజిలు దేశపు సాల్వడారు రేవులో ఆగగా, అందలి ఒంగోలు జంట అక్కడ అమ్ముడుపోయినది. 1878లో ఒక బ్రెజిలు భూస్వామి జర్మనీలోని హాంబర్గు జంతుశాలనుండి మరియొక జంటను కొనిపోయెను. 1960 దశకము తొలి యేండ్లలో మరికొన్ని మేలైన గిత్తలు ఓడలెక్కినవి. వానిలో ఒకదానిని ఒంగోలు దగ్గరి కరవది గ్రామము పేరుతోనే అక్కడివారు పిలిచిరి. దాని సంతతి నేటికిని ఆ దేశపు వంశవృక్షములలో పేర్కొనబడుచున్నది.

బ్రెజిలువారు ఆ జాతిని నెలోరి యందురు. తెల్లని వెండ్రుక ఎండను త్రిప్పికొట్టును. క్రిందినున్న నల్లని చర్మము సూర్యుని తాకిడికి ఓర్చును. పిడుదులును, రోగములును అంత సులభముగా లొంగదీయలేవు. ఎండుగడ్డితోనే ఒళ్ళు నిలుపుకొనును. ఉష్ణదేశమునకు ఇంతకంటె ఏమి కావలెను? 2022 లెక్కల ప్రకారము బ్రెజిలు జనసంఖ్య 20 కోట్ల 30 లక్షలు. పశువులు 23 కోట్లకు పైబడినవి. మాంసమునకు పెంచు పశువులలో అధిక భాగము నెలోరి జాతివో, దాని సంకరములో. మన రైతు చేయి వేసి చూచిన ఆ మూపురమునే అక్కడి భోజనశాలలలో ఇనుప కడ్డీకి గ్రుచ్చి, కాల్చి, కోసి వడ్డింతురు. దానికి కుపిము అని పేరు. 2023లో వియాటినా-19 అను నెలోరి ఆవు విలువ వేలములో సుమారు 43 లక్షల 80 వేల డాలర్లుగా తేలి, లోకమున అన్నిటికంటె ఖరీదైన ఆవుగా గిన్నిసు పుస్తకమున కెక్కినది.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. లాస్ వేగాసు స్టేక్ హౌసులలో వడ్డించు శ్రేష్ఠమైన మాంసము ఎక్కువగా స్కాట్లండునుండి వచ్చిన ఆంగసు జాతిది. అది మన గిత్తదే యనుట సరికాదు. కాని అమెరికా దక్షిణపు వేడి రాష్ట్రములలో పెంచు బ్రాహ్మను అను జాతి గిరు, గుజరాతు, కృష్ణా లోయ పశువులతోపాటు మన నెల్లూరు పశువుల రక్తమునుండియు పుట్టినదే. చుట్టరికము దూరమైనను అబద్ధము కాదు.

పరదేశమున ఇంత వర్ధిల్లిన జాతి పుట్టినింట ఎట్లున్నది? ట్రాక్టరు వచ్చినది, కాడి మూలబడినది. గంటలలో తెమలు దుక్కికి ఏడాది పొడుగునను మేత పెట్టి జతను సాకుట చిన్న రైతునకు భారమైనది. ఇందు అతని తప్పు లేదు. చదలవాడ, లాం, చింతలదేవి పశుక్షేత్రములు జాతిని కాపాడుచున్నవి. సంక్రాంతికి, తిరునాళ్ళకు జరుగు బండలాగు పందెములు మేలు జతలకు గిరాకి నిలుపుచున్నవి. కాని పందెపు గిత్తలను సాకగలవారు కలిగినవారే. పాలకొరకు ఒంగోలు ఆవును నిలుపు సాధారణ గృహస్థుడు తగ్గిపోవుచున్నాడు. ప్రభుత్వ క్షేత్రములనుండి మేలైన కోడెల వీర్యము గ్రామమునకు చేరుట, పుట్టిన దూడలకు వంశావళి వ్రాయుట, ఉమ్మడి బీళ్ళు ఆక్రమణలపాలు కాకుండుట, ఈ మూడును జరిగినచో ఆ గృహస్థునకు కొంత ఊతము కలుగును. బ్రెజిలువారు గెలిచినది అదృష్టమున కాదు. తరతరములుగా తల్లి యెవరు, తండ్రి యెవరు అని వ్రాసి పెట్టుకొనుటవలన.

మెట్ట వ్యవసాయమును వానతో జూదమని మనవారు విసుగుతో అనుచుందురు. ఆ మాటలో బాధ కలదు గాని లెక్క లేదు. చక్రమునకు మూడవ సున్నను చేర్చువాడు మన చేతిలో లేడు. చెరువు పూడిక తీయుట, విత్తనము ఎంచుకొనుట, దూడను నిలుపుకొనుట మన చేతిలోని పనులు. కనుక పిల్లలు పిలిచినచో పెద్దలు నిశ్చింతగా లాస్ వేగాసు పోవచ్చును. దీపములు చూడవచ్చును, తమకు సరిపడినది తినవచ్చును, జేబులోనుండి ఎంత తీయవలెనో గదిలోనే నిర్ణయించుకొని వెలుపలికి రావచ్చును. బల్లవద్ద కూర్చున్న మనుమలకు మాత్రము ఒక్క మాట చెప్పవలెను: లోకమున సగము ఉష్ణదేశములు ఆశపడు ఒక పశుజాతికి తాతగారి జిల్లా పేరు పెట్టిరని. ఆ పేరు గల పశువు తాతగారి ఊరి దొడ్డిలోకూడ ఉండవలెనని.