చేసిన పనికి పట్టా: డుంబ్రిగుడ సభలో ప్రసంగం



రోడ్డు పనుల్లో కూలీల హాజరు, సిమెంటు లెక్క, గడువు అన్నీ మన పిల్లలే చూస్తారు. పట్టా లేనందున మేస్త్రీగానే మిగిలిపోతారు. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమాదారులు 4 శాతం కూడా లేరని 2006లో సచార్ కమిటీ తేల్చింది.

ప్రాజెక్టు నిర్వహణలో పీఎంపీ ధ్రువపత్రానికి 35 గంటల శిక్షణ కావాలి. అది ఇంటి నుంచే పొందవచ్చు. డిగ్రీ ఉంటే 36 నెలలు, లేకుంటే 60 నెలలు పనులు నడిపించిన అనుభవం అడుగుతారు. హాజరు వేసినంత మాత్రాన అది లెక్కకు రాదు. అందుచేత ఏ పని, ఏ తేదీలు, మన బాధ్యతేమిటి, ధ్రువీకరించేదెవరు, ఇవన్నీ నేటినుంచే పుస్తకంలో రాసిపెట్టుకోవలెను. అనుభవం లేని ఆడపిల్లలకు 23 గంటల శిక్షణతో సీఏపీఎం ఉన్నది. పరీక్ష తెలుగులో లేదు, రుసుము భారమే.

కనుక ముందు డిగ్రీ. 1985 నాటి ఇగ్నో మనకున్నది. యూజీసీ అనుమతి చూడనిదే ఎవరికీ పైసా కట్టకండి. చదవకుండానే పట్టా ఇప్పిస్తామనే దళారులను గడప ఎక్కనీయకండి.

ఇంట్లో కూర్చుని పరీక్ష రాయాలంటే నెట్ తెగకూడదు. ఈ కొండల్లో అది కుదరని పని. మండల కేంద్రంలో నెట్ ఉన్న గది ఒకటి, గిరిజన విద్యార్థులతో కలిపి, కావాలని అడుగుతున్నాము. వినతిపత్రం ఇక్కడే ఉన్నది, సంతకాలు చేయండి.