బెల్టు చప్పుడు వినబడ్డాకే

ఈ రోజు ఈఎంటీలుగా పట్టా అందుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

మన 108 అంబులెన్సులో డ్రైవర్ని పైలట్ అంటాం. నాకు ఆ మాటంటే ప్రాణం. దాని బరువెంతో సింగపూర్ వెళ్లాకే నాకు తెలిసొచ్చింది. మీతో చెప్పాలనుకున్నది కూడా అదే.

ముందు నా తప్పు చెబుతాను. పదిహేడేళ్ల కిందట మన దగ్గరే ఒక పట్నంలో ఈఎంటీగా, అంటే బండి వెనక పేషెంటుని చూసుకునే మనిషిగా చేస్తున్నాను. గుండె ఆగిన మనిషిని తీసుకెళ్తున్నాం. నేను వెనక నిలబడి ఛాతీ నొక్కుతున్నాను. బెల్టు పెట్టుకోలేదు. "తొందరగా పోనీ అన్నా" అని అరిచింది నేనే. ఎర్రలైటు పడింది, మేం ఆగలేదు. సైరన్ మోగుతోందిగా, అందరూ ఆగుతారనుకున్నాం. బస్సు ఆగింది. ఆ బస్సు చాటునున్న ఆటోకి మేం కనబడలేదు. గుద్దుకున్నాం. నా తల పగిలింది, ఆటో నడిపే ఆయన కాలు విరిగింది. మా పేషెంటు కోసం ఇంకో బండి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మేం కలిసొస్తుందనుకున్నది అర నిమిషం. ఆయన బతకలేదు. ఆ ఇరవై నిమిషాలు నన్ను ఇంకా వదల్లేదు.

నిమిషాల్ని వేగంలో కాక ఇంకోచోట వెతకాలని సింగపూర్‌లో నేర్చుకున్నాను. 2025 ఏప్రిల్ 8 మీకు గుర్తుండే ఉంటుంది. సింగపూర్‌లో రివర్ వ్యాలీ రోడ్డు మీద ఒక భవనంలో మంటలు లేచాయి. లోపల పిల్లలున్నారు. వాళ్లలో పవన్ కల్యాణ్ గారి అబ్బాయి కూడా ఉన్నాడని తెలిసి తెలుగునాట ఇంటింటా అదే మాటయింది. దగ్గర్లో పనిచేస్తున్న వలస కూలీలు, అందులో మన దేశం వాళ్లు కూడా ఉన్నారు, పరంజా తెచ్చి, నిచ్చెన వేసి పిల్లల్ని కిందికి దించారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి చేరారు. పదేళ్ల ఆస్ట్రేలియా పాప దక్కలేదు. తర్వాత అక్కడి ప్రభుత్వం ఆ కూలీల్ని పిలిచి సత్కరించింది. నిచ్చెన పట్టుకున్నవాళ్లు యూనిఫాం వేసుకున్నవాళ్లు కాదు, ఎదురుగా పనిలో ఉన్నవాళ్లు.

ఆ ఊళ్లో అంబులెన్సు వ్యవస్థని నడిపించే ఆలోచన కూడా పక్కనున్నవాళ్లే ముందు ఆదుకోవాలన్నదే. 995కి ఫోన్ చేస్తే ఎస్‌సీడీఎఫ్, అంటే సివిల్ డిఫెన్స్ ఫోర్స్, పలుకుతుంది. ఏటా రెండు లక్షలకు పైగా పిలుపులు. పదింటిలో ఎనిమిదింటికి 11 నిమిషాల్లో చేరాలన్నది వాళ్లు పెట్టుకున్న లెక్క. ఇది వినగానే మనకు యాక్సిలరేటర్ గుర్తొస్తుంది. వాళ్లు ఆ నిమిషాల్ని మరోచోట వెతికారు. ఫోనెత్తిన మనిషే ఛాతీ ఎలా నొక్కాలో అవతలివాళ్లకి చెబుతూ లెక్కపెట్టిస్తాడు. 2015లో మైరెస్పాండర్ అనే యాప్ తెచ్చారు. ఎక్కడైనా గుండె ఆగిందంటే 400 మీటర్ల లోపల ఉన్న వలంటీర్ల ఫోన్లు మోగుతాయి. ప్రభుత్వ ఫ్లాట్లలో రెండేసి బ్లాకులకొకటి చొప్పున లిఫ్టుల దగ్గర గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టెలు బిగించారు. 2017 నుంచి ప్రాణం మీదికొచ్చిన కేసుకే మొదటి బండి. చిన్నాచితకా బాధలకు 1777 అని వేరే నంబరుంది. ఇన్ని నిమిషాలూ టైరు ఒక్క చుట్టు కూడా తిరగకముందే మిగిలాయి. అందుకే అక్కడ డ్రైవరు జంక్షన్ దగ్గర బండి ఆపి, ఒక్కో వరసలోని బండ్లు తనని చూశాయని తేల్చుకుని ముందుకు కదలగలడు.

ఇక ఆకాశం సంగతి. సింగపూర్ వైమానిక దళానికి రెస్క్యూ 10 అనే హెలికాప్టర్ బృందముంది. రాత్రీ పగలూ సిద్ధంగా ఉంటుంది. సముద్రంలో ఓడ మీద ఎవరైనా పడిపోతే పైనుంచి తాడు దించి పైకి లాగుతుంది. కిందికి దిగే కొక్కేన్ని చూస్తే ఎవరికైనా చేయి చాచి అందుకోవాలనిపిస్తుంది. అందుకోకూడదు. రెక్కలు తిరిగే గాలికి హెలికాప్టర్లో విద్యుత్తు పేరుకుంటుంది. కొక్కెం ముందు డెక్కుని తాకాలి, తర్వాతే మన చెయ్యి. ఆ తాడుని ఓడకి ఎక్కడా కట్టకూడదు. హెలికాప్టర్ దగ్గరికి ఎప్పుడూ పైలట్ కంటికి కనబడే వైపు నుంచే వెళ్లాలి, తోక వైపుకి పొరపాటున కూడా వద్దు.

వీటన్నిటికన్నా నా మనసులో నాటుకుపోయిన పద్ధతి ఇంకొకటుంది. చాలా ఎయిర్ అంబులెన్సు సంస్థలు దీన్ని పాటిస్తాయి. ఎగరాలా వద్దా అని తేల్చేదాకా, ఎదురుచూస్తున్నది పసిపాపా, ముసలాయనా, ఎంత ప్రమాదంలో ఉన్నారు అన్నది పైలట్‌కి చెప్పరు. మబ్బెంతుంది, గాలెంతుంది, దిగే చోటేది, ఇంతే చెబుతారు. పాప అని తెలిస్తే చెడ్డ వాతావరణం కూడా మంచిగానే కనబడుతుంది. మనిషి మనసు అంతే. బృందంలో ఏ ఒక్కరు వద్దన్నా ప్రయాణం ఆగుతుంది. ఎందుకు వద్దన్నావని నిలదీసేవాళ్లు ఉండరు.

మన రోడ్డు మీది పైలట్‌కి పేషెంటు సంగతి చెవిన పడకుండా ఆపే అలాంటి గోడ లేదు. వెనక తల్లి ఏడుపు ఆయన చెవిలో పడుతూనే ఉంటుంది. బండి వెంట బైకుల మీద బంధువులు హారన్ కొడుతూ వస్తుంటారు. ఆ గోడ మీరే కావాలి. ఆ తల్లితో మాట్లాడాల్సింది మీరు. రక్తం చూసి గొంతు పెంచకండి. "అన్నా, ఎడమ పక్క ఆటో ఉంది", "గుంత వస్తోంది, నెమ్మది" అని దారి గురించి మాత్రమే ఆయనతో మాట్లాడండి. ఆక్సిజన్ సిలిండర్ కట్టి ఉందో లేదో బండెక్కగానే చూడండి. వదులుగా ఉన్న సిలిండర్ సడన్ బ్రేకుకి ఫిరంగి గుండవుతుంది.

పైలట్ అన్న మాట బరువు నాకు తెలిసొచ్చింది ఇలా. సింగపూర్‌లో ఒక ప్రైవేటు అంబులెన్సులో నా మొదటి రాత్రి డ్యూటీ. బండి నడిపేది ఒక మలయ్ పెద్దాయన. పేషెంటుకి ఊపిరి అందడం లేదు, నేను మాస్కు సర్దుతున్నాను. ఇంజను మోగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. తల తిప్పి చూస్తే ఆయన అద్దంలో నన్నే చూస్తున్నాడు, చేయి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంది. నాకు మండుకొచ్చింది. పోనివ్వమని చేత్తో సైగ చేశాను. ఆయన ఒక్క మాటా అనలేదు, వేలితో తన బెల్టుని తట్టి చూపించాడు. నేను కూర్చుని నా బెల్టు బిగించాను. టక్కుమన్న చప్పుడు విన్నాకే ఆయన బ్రేకు వదిలాడు.