ముక్కుకు తెలియని పొగ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడేవారు నా తరువాత ఉన్నారు గనుక, నాకప్పగించిన గాలి కాలుష్యం సంగతి క్లుప్తంగా మనవి చేస్తాను.

మన ఊళ్లో గాలి మాటెత్తగానే అందరూ పేపరు మిల్లు వాసన గుర్తు చేస్తారు. కట్టెను రసాయనాలతో ఉడికించి గుజ్జు తీసేటప్పుడు గంధకం కలిసిన వాయువులు పుడతాయి. ఆ కుళ్లిన గుడ్ల కంపు వాటిదే. అవి అతి స్వల్పంగా ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. చిక్కేమిటంటే, కంపు లేని రోజున గాలి బాగున్నదనుకుంటాం. ప్రాణం తీసేవాటిలో కొన్నింటికి వాసనే లేదు.

వాటిలో మొదటిది సన్నటి ధూళి. రెండున్నర మైక్రాన్లు, అంతకు లోపు ఉండే కణాలను పి.ఎం. 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ముక్కు మన ఇన్‌వార్డు సెక్షను లాంటిది. పెద్ద దుమ్మును అక్కడే ఆపేస్తుంది. ఈ కణం మాత్రం రిజిస్టరులోకి ఎక్కకుండానే ఊపిరితిత్తుల అడుగుకు చేరి, నెత్తురులోకీ పోతుంది. అందుకే ఆయాసంతో పాటు గుండెపోటు, పక్షవాతం కూడా. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఇది 40 మైక్రోగ్రాములు దాటరాదని మన దేశం 2009లో నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 దాటరాదన్నది. 2019లో మొదలైన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాంలో, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన ఊరి పేరూ చేరింది.

మా ఇంటావిడ సంగతి, ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను. 1975లో కాపురానికి వచ్చింది మొదలు గ్యాసు కనెక్షను వచ్చేదాకా కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి మీదే వండింది. చుట్టా బీడీ ఎరగని మనిషి. అరవై దాటాక ఆయాసం మొదలైతే డాక్టరు గారు పరీక్షలు చేయించి సి.ఓ.పి.డి. అన్నారు, అంటే పొగతాగేవారికి ఎక్కువగా వచ్చే జబ్బు. "నేనెప్పుడు తాగానండీ?" అన్నదావిడ. "పొయ్యి దగ్గర కూర్చున్నన్నాళ్లూ తాగారమ్మా" అన్నారాయన. ఇప్పుడు రెండు పూటలా ఇన్‌హేలరు. చలికాలమంతా గడప దాటదు.

ఇక కార్బన్ మోనాక్సైడు. రక్తంలోని హెమోగ్లోబిన్ దీన్ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టుకున్నవారు ఇవాళే దాన్ని బయటకు మార్పించే ఏర్పాటు చూడండి. వాహనాల పొగలోని నైట్రోజన్ డయాక్సైడు ఎండకు ఇతర ఆవిరులతో కలిసి ఓజోనును పుట్టిస్తుంది. పై ఆకాశంలో ఓజోను మనకు గొడుగే గాని, నేల మీద ఊపిరితిత్తులకు మంట, వరి దిగుబడికి నష్టం. సల్ఫర్ డయాక్సైడు ఆమ్ల వర్షానికి కారణం. పెట్రోలులో కలిపే సీసాన్ని మాత్రం 2000లో దేశమంతటా మాన్పించారు. సర్కారు పనులు జరగవనే మా మనవడికి ఈ ముక్క చెబుతుంటాను.

డెల్టాలో కోత మిషన్లు వచ్చాక గడ్డి చేలోనే మిగిలిపోతున్నది. మునుపు వాములు వేసి పశువులకు దాచేవారు. ఇప్పుడు పశువులు తగ్గాయి, కూలి గిట్టదు, అగ్గిపుల్ల గీస్తున్నారు. గడ్డిలోని నత్రజని దాదాపు అంతా ఆ పొగలో పోతుంది. మళ్లీ యూరియా బస్తా కొనేదీ ఆ రైతే. ఆయన్ను తిట్టి లాభం లేదు, గడ్డి చుట్టే యంత్రం సకాలంలో అద్దెకు దొరకాలి.

చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడుతుంది, పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోదు. సరిగ్గా ఆ వేళకే మనం గోదావరి గట్టు మీదకు నడకకు పోతాం, ఆ వేళకే ఊడ్చిన ఆకుల కుప్పలకు నిప్పు పెడతారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ వచ్చాక నడవండి. ఆనం కళాకేంద్రం దగ్గర కాలుష్య నియంత్రణ మండలి వారి యంత్రం ఉన్నది. దాని లెక్క సెల్‌ఫోనులో సమీర్ యాప్‌లో కనబడుతుంది. మనవల చేత పెట్టించుకోండి.

ఆకులు, చెత్త తగలబెట్టకుండా చూడమని కమిషనరు గారికి అర్జీ రాసి తెచ్చాను. మూడు కాపీలు, ఆ బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు లేచే ముందు సంతకం చేసి, పక్కన పూర్తి చిరునామా రాయండి. సెలవు.