వీఎమ్ రన్ చేస్తే మ్యాక్ ‘లోకల్ నెట్‌వర్క్’ పర్మిషన్ ఎందుకు అడుగుతుంది?

ఈరోజు టాపిక్ చిన్నదే, కానీ చాలామంది చదవకుండా నొక్కేసేది. మ్యాక్‌లో వర్చువల్‌బాక్స్ లాంటిది వేసుకుని, లోపల లైనక్స్ నడుపుతున్నారనుకోండి. ఉన్నట్టుండి ఒక బాక్స్ వస్తుంది: ఈ యాప్ మీ లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న డివైజ్‌లను వెతకొచ్చా అని. ఐఫోన్ వాళ్లకి ఇది పాతదే, 2020లో ఐఓఎస్ 14తోనే వచ్చింది. మ్యాక్‌కి మాత్రం 2024లో సెకోయాతో వచ్చింది.

లోకల్ నెట్‌వర్క్ అంటే ఇంటర్నెట్ కాదండీ. మీ వైఫై మీదున్న రౌటర్, ప్రింటర్, టీవీ, సీసీ కెమెరా, ఇంకా అన్నయ్య ల్యాప్‌టాప్. అందుకే ‘డోంట్ అలౌ’ నొక్కినా లోపల యూట్యూబ్ హాయిగా ఆడుతుంది. కానీ 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీ తెరవబోతే తెరుచుకోదు. ఎందుకు తెరుచుకోలేదో లైనక్స్‌కి తెలీదు. నాట్ మోడ్‌లో దాని ట్రాఫిక్ అంతా వర్చువల్‌బాక్స్ పేరు మీదే బయటికి వెళ్తుంది. ఆపేది మ్యాక్. మనమేమో లోపల ఫైర్‌వాల్ తిరగేస్తూ కూర్చుంటాం.

ఇంకో తిరకాసు ఉంది. మ్యాక్ టెర్మినల్‌లో పింగ్ కొడితే రౌటర్ చక్కగా పలుకుతుంది! ఎందుకంటే టెర్మినల్ నుంచి నడిపే కమాండ్‌లకు ఈ పర్మిషన్ అక్కర్లేదు. కాబట్టి ఆ టెస్ట్‌ని నమ్మకండి. సిస్టమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్. అక్కడ యాప్ పేరు పక్కన స్విచ్ ఆన్ చేసి, యాప్ మూసి మళ్లీ తెరవండి.

అయితే ‘అలౌ’ నొక్కేముందు ఒక్క క్షణం ఆగండి. చాలామంది వీఎమ్ పెట్టుకునేదే అనుమానం ఉన్న సాఫ్ట్‌వేర్‌ని అందులో ట్రై చేయడానికి. ‘వీఎమ్‌లోనే కదా, ఏమవుతుందిలే’ అని. మీరు పర్మిషన్ ఇచ్చింది వర్చువల్‌బాక్స్‌కి. లోపల ఆ దారి వాడుతున్నది మీ బ్రౌజరా, నిన్న దించిన క్రాక్ ఫైలా అన్నది మ్యాక్ చూడదు. ఇద్దరికీ ఒకటే గేటు. రౌటర్‌కి పాస్‌వర్డ్ ఇప్పటికీ అడ్మిన్, అడ్మిన్ అని ఉంటే ఇక చెప్పక్కర్లేదు. హాస్టల్ వైఫైలో అయితే పక్క రూమ్ వాళ్ల ల్యాప్‌టాప్ కూడా మీ ‘లోకల్’ కిందికే రావచ్చు.

నేనైతే మామూలుగా ఆఫ్‌లోనే ఉంచుతా. ప్రింట్ తీయాలన్నా, రాస్ప్‌బెర్రీ పైకి కనెక్ట్ అవ్వాలన్నా ఆన్ చేస్తా, పనయ్యాక ఆఫ్. అనుమానం ఫైల్ అయితే ఈ స్విచ్‌తో సరిపెట్టను, వీఎమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌నే తీసేస్తా.

మీ ఐఫోన్‌లోనూ ఇదే లిస్ట్ ఉంది. ఓసారి తెరిచి, అందులో ఏ గేమ్‌కి అలౌ ఇచ్చి ఉన్నారో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రిడ్జ్ మోడ్ చూద్దాం.