చేతి దీపానికి కాయిల్ కట్టవద్దు

(షోలాపూర్ సభ్యుల సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనస్ సంగతి చెబుతానని మీరు వచ్చి ఉంటారు. చెబుతాను. అంతకుముందు ఒక చిన్న దీపం గురించి వినండి.

మగ్గం కింద దూరి పని చేసే జాబర్లకు 24 వోల్టుల చేతి దీపం ఉంటుంది. దాని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది తెప్పించరు. 230 వోల్టుల లైనుకు హీటరు కాయిల్ ముక్కను సిరీస్‌లో కలిపి బల్బు వెలిగిస్తారు. వెలుగుతుంది, అబద్ధం కాదు. కార్డింగులో ఉన్న రోజుల్లో నేనూ అలా కట్టినవాడినే.

లెక్క చూడండి. 24 వోల్టుల, 24 వాట్ల బల్బుకు ఒక ఆంపియరు కావాలి. మిగిలిన 206 వోల్టులను కాయిలే మింగాలి. అంటే 206 ఓముల కాయిల్. అందులో 206 వాట్లు ఉత్త వేడి. వెలుగుకు 24, వేడికి 206! బిల్లు యజమాని కడతాడు, పోనివ్వండి. ఆ కాయిల్ ఉండేది ఎక్కడ? దూది నూగు పేరుకునే చోట.

నేను పనిచేసిన మిల్లులో ఒక రాత్రి పాళీలో అలాంటి కాయిల్ మీద నూగు రాలి అంటుకున్నది. ఇసుక బకెట్లు దగ్గరుండబట్టి ఒక్క మిషనుతో పోయింది. మెమో మాత్రం జాబర్‌కు ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ కోసం అతడు మూడుసార్లు అడిగిన సంగతి ఆ కాగితంలో లేదు.

ఇంకొకటి. ఆ కాయిల్ ఆ ఒక్క బల్బుకే సరిపోతుంది. అదే చోట 12 వాట్ల బల్బు పెడితే దాని మీద 40 వోల్టులు దాటి పడతాయి, మాడిపోతుంది. 60 వాట్లది పెడితే ఎర్రగా మినుకుమంటుంది.

అసలు ప్రమాదం బల్బు మాడినప్పుడు. కరెంటు పారనప్పుడు కాయిల్ ఏమీ మింగదు. హోల్డరులో 230 వోల్టులూ వచ్చి నిలుస్తాయి. 24 వోల్టులే కదా అని చెమట చేత్తో బల్బు విప్పేవాడు ముట్టుకునేది ఆ 230నే. కాయిల్ న్యూట్రల్ వైపు పడిందా, దీపం వెలుగుతుండగానే రెండు తీగలూ నేలతో పోలిస్తే 200 వోల్టుల పైనే ఉంటాయి. మగ్గం ఇనుము, తడి నేల ఎలాగూ ఉన్నాయి.

ట్యాంకులు, గుంటల వంటి ఇరుకు చోట్ల చేతి దీపానికి 24 వోల్టుల హద్దును ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. ఎందుకు చేర్చారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కాయిల్ కట్టిన దీపం పేరుకే 24 వోల్టులది.

మనం అడిగేది పెద్దదేమీ కాదు. రెండు చుట్లూ వేరువేరుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇలాంటి ఒక దీపానికి 50 వీఏది చాలు. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ తెస్తే తీసుకోవద్దు, అది లైనును వేరు చేయదు. లేదా చార్జింగ్ ఎల్ఈడీ దీపాలిచ్చినా సరే.

అర్జీ ఈ బల్ల మీద ఉన్నది. మీ షెడ్డులో కాయిల్ దీపాలు ఎన్ని ఉన్నాయో పేరు పక్కన రాసి సంతకం పెట్టండి. జాబర్లు ముందు రండి. బోనస్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.